కడుపు నొప్పి అని చెబితే ఎవరు నమ్ముతారు?

(శరీరం - కులం: ఏడో భాగం)

నా బొడ్డుకి కుడిపక్కన రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. ఆరేళ్ళప్పుడు పెట్టించిన వాత అది. పసుపు కొమ్ముని నూనెలో ముంచి, దీపం మీద కాల్చి, ఇద్దరు ఆడవాళ్ళు నా కాళ్ళు చేతులు పట్టుకుంటే మా పల్లెలో వాతలు పెట్టే ముసలమ్మ పెట్టింది. నెల రోజులుగా నాకు కడుపు నొప్పి. తిన్నది ఒంటికి పట్టడం లేదు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. వాత తర్వాత కూడా నొప్పి తగ్గలేదు. కొన్నాళ్ళకి బడికొచ్చిన డాక్టరు ఒక మాత్ర ఇచ్చి చప్పరించమన్నాడు. రెండో రోజుకి పురుగులు పడిపోయాయి. నొప్పి పోయింది. మచ్చ ఉండిపోయింది.

అమ్మని నేను తప్పుపట్టను. ఆసుపత్రి ఏడు కిలోమీటర్లు. అక్కడికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. అక్కడ కూచున్న మనిషి "ఏంటి నీ గోల" అన్నట్టు చూస్తాడు. వాత పెట్టే ముసలమ్మ మా గుమ్మంలోకే వచ్చి, నా పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. చెయ్యి వేసి చూసినవాళ్ళనే జనం నమ్ముతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ భాగంలో హాస్టల్ తిండి గురించి రాస్తానని పోయిన వారం చెప్పాను. అది వాయిదా వేసుకుని ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటుంది. మీ ముందు చెప్పుకోకుండా హాస్టళ్ళ గురించి మాట్లాడే హక్కు నాకు లేదనిపించింది.

మా కాలేజీలో బీఏ రెండో సంవత్సరం చదివే అమ్మాయి. ప్రభుత్వ హాస్టల్లో ఉంటుంది. ఇంటర్నల్ పరీక్ష రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి "మేడమ్, కడుపులో నొప్పిగా ఉంది, హాస్టల్‌కి వెళ్ళిపోతాను" అంది.

"టిఫిన్ తిన్నావా?" అన్నాను.

"తినబుద్ధి కాలేదు మేడమ్."

"అందుకే. ఖాళీ కడుపుకి గ్యాస్ పట్టేసి ఉంటుంది. పరీక్ష రాసి వెళ్ళి, మజ్జిగ తాగి పడుకో."

అంతే. అర నిమిషంలో రోగం తేల్చేశాను, మందు కూడా చెప్పేశాను. పరీక్ష ఎగ్గొట్టడానికి చెబుతోందేమోనన్న అనుమానం నా గొంతులో ఉంది. ఆ పిల్లకి అది వినిపించింది. పరీక్ష రాసింది. సాయంత్రం హాస్టల్లో గ్యాస్ మాత్ర ఇచ్చారు. రాత్రి ఎవరో వేడినీళ్ళ కాపడం పెట్టారు. మర్నాడు మలబద్ధకం అనుకుని ఆముదం తాగించారు. ఆ రాత్రికి ఉన్నట్టుండి నొప్పి తగ్గినట్టు అనిపించిందట. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తెల్లారేసరికి పొట్ట బల్లలా బిగుసుకుపోయి, ఒళ్ళు కాలిపోతోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అపెండిక్స్ పగిలిందన్నారు. ఆపరేషన్ చేసి బతికించారు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట: "మేడమ్, నేను అబద్ధం చెప్పలేదు."

నొప్పి ఎలా ఉంది, కుట్లు మానాయా, ఇవన్నీ తర్వాత. చావు దాకా వెళ్ళొచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల ముందు తాను అబద్ధాలకోరు కాదని రుజువు చేసుకుంటోంది. ఎవరి ముందు? తన పల్లె లాంటి పల్లెలోనే పుట్టి, తన హాస్టల్ లాంటి హాస్టల్లోనే చదువుకున్న నా ముందు.

నా పీహెచ్‌డీ దళిత కథల్లో ఆకలి మీద. అందులో "కడుపు" అన్న మాట మీదే ఒక అధ్యాయం రాశాను. కడుపు కాలడం, కడుపు మాడ్చుకోవడం, కడుపు కోత, కడుపు తీపి, కడుపు పండటం. ఇన్ని అర్థాలు విప్పి చెప్పి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని, ఎదురుగా నిలబడ్డ పిల్లని "నొప్పి ఎక్కడమ్మా?" అని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని ఒక్కటే. నాతో యూనివర్సిటీలో ఉద్యమంలో తిరిగి, ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరు మిత్రురాలి దగ్గర కూచుని కడుపు నొప్పి గురించి మొదటి నుంచీ చెప్పించుకున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇది చదివి మీరూ డాక్టర్లు కాలేరు. కానీ ఏ నొప్పి ఆగుతుందో, ఏది ఆగదో తెలుసుకోవడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు.

ఆమె చెప్పిన మొదటి సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. చాలా కడుపు నొప్పుల్లో సగం రోగనిర్ధారణ పేషెంటు మాటల్లోనే ఉంటుందట. ఎక్కడ మొదలైంది, ఎక్కడికి పాకింది, ఎలా ఉంది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా, ఎన్ని గంటలైంది. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి మన పల్లె తెలుగుకి మించిన భాష లేదు. పోటు వేరు, సలుపు వేరు. మంట వేరు, మెలిపెట్టడం వేరు. గుచ్చడం, గుంజడం, ఉబ్బరం, కోత దేనికదే. పొత్తికడుపు, డొక్క, గజ్జ, గుండెల కింది గుంట, అన్నిటికీ పేర్లున్నాయి. మన అమ్మలు ఇవన్నీ చెప్పగలరు. అడిగేవాళ్ళు లేకే "కడుపులో నొప్పి బాబూ" అని ఒక్క ముక్కలో ముగిస్తారు.

అపెండిసైటిస్‌నే తీసుకోండి. మా వైపు దీన్ని ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలవుతుంది. కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే నిలుస్తుంది. ఆకలి చచ్చిపోతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, కొద్దిగా జ్వరం. దగ్గినా, మెట్లు దిగినా, ఆటో గతుకులో పడినా నొప్పి పొడుస్తుంది. ఆ పిల్ల "తినబుద్ధి కాలేదు" అన్నప్పుడే నాకో ఆనవాలు ఇచ్చింది. నేను దాన్నే గ్యాస్‌కి కారణం చేశాను. ఈ నొప్పికి ఆముదం పట్టకూడదు, ఎనీమా ఇవ్వకూడదు, కాపడం పెట్టకూడదు. అన్నం నీళ్ళు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. త్వరగా వెళ్తే చిన్న ఆపరేషన్‌తో, కొందరికి యాంటీబయాటిక్స్‌తోనే పోతుంది. ఉన్నట్టుండి నొప్పి తగ్గితే అది నయమవడం కాకపోవచ్చు, పగిలిపోవడం కావచ్చు.

పైకడుపులో, గుండెల కింద మంట ఇంకో కథ. మా అమ్మ ఇరవై ఏళ్ళు మిరప కోతలకి వెళ్ళింది. ఆమెకీ ఆమెతో వెళ్ళేవాళ్ళకీ కడుపులో మంట. "కారం తింటారు కదా, ఉండదా మరి" అని ఊరు మొత్తం తేల్చింది. పుండు ఉన్నవాళ్ళకి కారం మంట పెంచొచ్చు గానీ, కారం తినడం వల్ల కడుపులో పుండు పడదు. అల్సర్‌కి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని కనిపెట్టారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తానే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రెండోది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్. రోజంతా వంగి కాయ కోసిన నడుముకి రాత్రి ఒక మాత్ర వేసుకుంటేనే మర్నాడు పనికి లేవగలిగేది. నడుము కోసం మాత్ర, ఆ మాత్ర వల్ల కడుపులో పుండు, ఆ పుండుకి ఇంకో మాత్ర. మా అమ్మ కడుపులో మంట కారానిది కాదు, కూలిది.

బాక్టీరియా వల్ల వచ్చిన అల్సర్ నయమయ్యే జబ్బు. పరీక్ష చేసి రెండు వారాలు యాంటీబయాటిక్స్, ఆసిడ్ తగ్గించే మాత్ర కలిపి ఇస్తారు. ఏళ్ళ తరబడి పొద్దున్నే గ్యాస్ మాత్ర మింగుతూ బతకక్కర్లేదు. విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

"గ్యాస్" అన్న మాట మన జనాన్ని చంపుతోంది. చావు ఇళ్ళలో ఎన్నిసార్లు వినలేదు: "రాత్రి గ్యాస్ నొప్పి అన్నాడు, సోడా తాగి పడుకున్నాడు, పొద్దున లేవలేదు." గుండెపోటు అందరికీ ఎడమ రొమ్ములో రాదు. కొందరికి, ముఖ్యంగా ఆడవాళ్ళకీ షుగరున్నవాళ్ళకీ, పైకడుపులో బరువుగా, మంటగా వస్తుంది. చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే సోడా కొట్టుకి కాదు, ఈసీజీ తీసే చోటికి వెళ్ళాలి. అలాగే తాగుడు అలవాటున్న మనిషికి పైకడుపులో మొదలై వీపులోకి దూసుకెళ్ళే నొప్పి, ముందుకి వంగితే కాస్త తెరిపి ఇచ్చే నొప్పి వస్తే అది పాంక్రియాస్ వాపు కావచ్చు. "తాగి పడ్డాడు" అని వదిలేస్తే ప్రాణం పోతుంది.

ఇంకో నొప్పి గురించి చెబితే మా క్లాసులో ఒక్కరికీ తెలియలేదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతులతో లేస్తే అది కట్లపాము కాటు కావచ్చు. దాని కోరలు చిన్నవి. గాటు కనిపించదు, నొప్పి తెలియదు, వాపు రాదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆగుతుంది. రాత్రి తిన్నది పడలేదనుకుంటూ కూచునే లోపే అంతా అయిపోతుంది. విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది. నేల మీద, చేను గట్టు మీద, ఇటుక బట్టీల దగ్గర పడుకునేది ఎవరో నేను మీకు చెప్పాలా? అలాగే పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి కడుపులో మెలిపెట్టడం, చొంగ కారడం, చెమటలు, చూపు మసకబారడం ఉంటే అది వడదెబ్బ కాదు, మందు ఒంట్లోకి ఎక్కింది. బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బా కూడా తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక ఆడవాళ్ళ కడుపు.

మా అమ్మకి ముప్పై నాలుగేళ్ళప్పుడు పొత్తికడుపులో గుంజుడు, తెల్లబట్ట. ఊళ్ళో ఆర్‌ఎంపీ టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ పది నిమిషాల్లో "గర్భసంచి పాడైంది, తీసెయ్యకపోతే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అన్నారు. క్యాన్సర్ పరీక్ష చేయలేదు. మందులు వాడి చూడలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి సంచి తీయించుకుంది. అండాశయాలు కూడా తీసేశారని మాకు చాలా ఏళ్ళకి ఇంకో డాక్టరు చెప్పేదాకా తెలియదు. ఒంట్లో ఆవిర్లు, ఎముకల నొప్పులు, నలభై ఏళ్ళకే ముసలితనం. ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్స్‌తో పోయే నొప్పి కావచ్చు అది. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది. ఎన్ని ఆసుపత్రుల గోడల మీద ఆ మార్గదర్శకాలు చూశారు మీరు?

మన నొప్పికి రెండే జవాబులున్నాయి. నమ్మకపోతే గ్యాస్ మాత్ర. డబ్బొస్తుందంటే కత్తి. మధ్యలో ఉండాల్సిన ప్రశ్న, పరీక్ష, ఓపిక మన దాకా రావు.

హాస్టల్ అమ్మాయిలకి నేరుగా కొన్ని మాటలు. నెలసరిలో కొంత నొప్పి మామూలే. వేడినీళ్ళ సంచి, ఏదైనా తిన్నాక డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర సరిపోతాయి. కానీ ప్రతి నెలా క్లాసుకి రాలేనంత నొప్పి మామూలు కాదు. అది ఎండోమెట్రియోసిస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, చూపించుకోవాలి. టాయిలెట్లు బాగోవని నీళ్ళు తాగడం మానేసి, ఉచ్చ బిగబట్టుకునేవాళ్ళకి పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట వస్తాయి. నీళ్ళు తాగండి, మూత్ర పరీక్ష చేయించుకోండి, కోర్సు పూర్తిగా వాడండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి తోడైతే ఆలస్యం చేయకండి. నెల తప్పి, ఒక పక్కన పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. పెళ్ళయిందా లేదా అన్నది ఆ గంటలో ఎవరికీ అక్కర్లేని ప్రశ్న. నిజం దాచకండి. వినేవాళ్ళు తీర్పులు చెప్పకండి.

విరేచనాలతో వచ్చే నొప్పికి మొదటి మందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, కొలత తప్పకుండా. పిల్లలకి నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. మీ వీధి పిల్లల్ని పంపండి. ఒక్క మాత్రతో పోయే దానికి నాలాగా ఇంకెవరి పొట్ట మీదా మచ్చ పడకూడదు.

తగ్గని కడుపు నొప్పికి మన ఊళ్ళలో ఇంకో పేరుంది. "ఎవరో మందు పెట్టారు", "చేతబడి చేశారు". ఆ వేలు చివరికి ఎవరి మీదికి పోతుందో తెలుసు కదా. ఒంటరి ముసలమ్మ మీదికి, వెలివాడలో మనిషి మీదికి. ఒకరి పిత్తాశయంలో రాయి ఇంకొకరి పళ్ళు ఊడగొట్టిస్తుంది, ప్రాణం తీయిస్తుంది. కాబట్టి కడుపు నొప్పికి సరైన కారణం తెలుసుకోవడం వైద్యం ఒక్కటే కాదు, ఒక మనిషిని మూక నుంచి కాపాడటం కూడా.

ఉద్యమ మిత్రులకి ఒక మాట. మనం ఆరోగ్యాన్ని ఎన్జీవోల పని అనుకుని పక్కన పెట్టాం. సావిత్రిబాయి ఫూలే 1897లో పుణెలో ప్లేగు రోగులకి సేవ చేస్తూ, ఆ ప్లేగుతోనే చనిపోయింది. జనవరి 3న ఆమె జయంతికి దండలు వేస్తాం. మార్చి 10న ఆమె ఎలా పోయిందో మాట్లాడం. బడి పెట్టిన చెయ్యే రోగి ఒంటి మీద కూడా పడింది. వాతలు పెట్టే ముసలమ్మని మా అమ్మ నమ్మింది ఆ చెయ్యి కోసమే. చెయ్యి సరైనదే, అందులో ఉన్నది తప్పు. ఆ చేతిలో సరైన జ్ఞానం పెట్టడం మన పని.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ప్రతి హాస్టల్లో నొప్పి రిజిస్టర్ ఉండాలి. ఎవరికి, ఎక్కడ, ఏ గంటకి మొదలైందో రాయాలి. ఆరు గంటలు దాటినా తగ్గని కడుపు నొప్పిని డాక్టరు చూడాల్సిందే. వార్డెనో లెక్చరరో తేల్చడానికి వీల్లేదు. పొట్ట బిగుసుకుపోవడం, ఆగని వాంతులు, రక్తం, స్పృహ తప్పడం ఉంటే ఆ ఆరు గంటలు కూడా వద్దు, వెంటనే 108. రెండు, ఆసుపత్రి చీటీ ఉన్న విద్యార్థికి పరీక్ష మళ్ళీ పెట్టాలి. పరీక్ష భయంతో పిల్లలు నొప్పి దాచుకోకూడదు. మూడు, మీ ఊళ్ళో ఎవరికైనా గర్భసంచి తీయాలంటే, రక్తస్రావం ఆగని అత్యవసరం తప్ప, ఇంకో ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం లేకుండా సంతకం పెట్టనివ్వకండి. మీరు తోడు వెళ్ళండి. చదువుకున్నవాళ్ళు పక్కన నిలబడితే అవతలివాళ్ళ గొంతు మారుతుంది. మారకూడదు నిజానికి. కానీ మారుతుంది.

రిజిస్టర్ మా కాలేజీ హాస్టల్లో పెట్టించాం. మొదటి పేజీలో మొదటి గీత మీద ఆ అమ్మాయే రాసింది. ఎవరి పేరూ రాయలేదు. "నొప్పి అన్నవాళ్ళని ముందు నమ్మాలి" అని రాసి కింద తేదీ వేసింది. ఆమె మళ్ళీ క్లాసుకి వస్తోంది. నా ముఖం చూసి నవ్వుతోంది కూడా. క్షమాపణ నేను అడిగాను. "ఫర్లేదు మేడమ్" అంది. ఫర్వా ఉంది. అందుకే ఇది రాశాను.

వచ్చే వారం హాస్టల్ తిండి. మీ మెనూ బోర్డు ఫోటో, మీ కంచం ఫోటో రెండూ పంపండి.

జై భీమ్.